సరే అన్న మూడో మనిషి

పోయిన వారం కౌసిల్లా పెర్సౌడ్‌ని సెల్లార్‌లో, పద్నాలుగో పిల్లరు పక్కన, మెడ పైకెత్తి స్లాబు వంక చూస్తుండగా వదిలేసి వచ్చేశాం. యాభయ్యారేళ్ళ మనిషిని వారం రోజుల పాటు అలా నిలబెట్టడం పాపమే. కానీ ఆవిడ కంటపడినది అలాంటిది, చూపు తిప్పుకోవడం ఎవరి తరమూ కాదు.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. స్కార్‌బరోలో, మార్కమ్ రోడ్డుకి కాస్త లోపలగా, కెస్ట్రల్ కోర్టు అని పదిహేడంతస్తుల కాండో ఉంది, అంటే ఎవరిల్లు వాళ్ళు కొనుక్కునే అపార్టుమెంటు. రెండువందల నాలుగు ఇళ్ళు. కట్టి నలభై ఏడేళ్ళయింది. కార్లు పెట్టుకునే సెల్లారు బిల్డింగు కిందే కాక, వెనక ఖాళీ స్థలం కింద దాకా పోతుంది. గయానా నుంచి చిన్నవయసులో వచ్చిన కౌసిల్లా ఏడో అంతస్తులో ఉంటుంది, స్కూలు బస్సు నడుపుతుంది, రెండేళ్ళుగా బిల్డింగు కమిటీకి సెక్రటరీ కూడా. ఈ శనివారం మధ్యాహ్నం బిల్డింగు సూపరింటెండెంటు టవారెస్ ఫోన్ చేసి, ఉన్నపళంగా కిందికి రమ్మన్నాడు. తీరా వచ్చి చూస్తే తన కారు ముందు అద్దం నిండా సున్నం నీళ్ళలా తెల్లటి చారలు. పైన స్లాబులో అరచెయ్యి దూరేంత పగులు. పగుల్లో తుప్పు పట్టి పొరలు పొరలుగా రాలుతున్న కడ్డీలు. అక్కడే ఆపాం.

"చూడ్డం కాదు డోనా కౌసిల్లా, వినండి," అన్నాడు టవారెస్.

నిచ్చెన ఎక్కి, చేతిలో ఉన్న చిన్న సుత్తితో ముందు దక్షిణం వైపు స్లాబుని కొట్టాడు. ఖంగున మోగింది. దిగి, నిచ్చెనని ఈడ్చుకొచ్చి పద్నాలుగో పిల్లరు పక్కన వేసి, మళ్ళీ ఎక్కి కొట్టాడు. ఈసారి మోగలేదు. పుచ్చకాయల బండి దగ్గర వేలితో కొట్టి చూసి, ఇది లోపల చెడిందని పక్కన పెట్టేస్తామే, అలాంటి బోలు చప్పుడు వచ్చింది.

"ఇక్కణ్ణుంచి అదిగో, ఆ గోడ దాకా ఇదే చప్పుడు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఊడ్చాను ఈ సెల్లార్ని. మా ఆవిడ గొంతు మర్చిపోతానేమో గానీ దీని గొంతు మర్చిపోను."

"మీ ఆవిడ వింటే ఆ సుత్తి నీ నెత్తి మీదే మోగిస్తుంది," అంది కౌసిల్లా. నవ్వుదామనుకుంది గానీ నవ్వు రాలేదు. "సరిగ్గా దీని మీద, పైన ఏముంది?"

టవారెస్ నిచ్చెన దిగి సుత్తిని జేబులో పెట్టుకున్నాడు. అతను పోర్చుగీసు మాట్లాడే అజోర్స్ దీవుల మనిషి, ఆడవాళ్ళని గౌరవంగా డోనా అంటాడు. పొట్టిగా, గట్టిగా ఉంటాడు, మామూలుగా అయితే నోరు మూతపడదు. ఇప్పుడు మాత్రం రెండే ముక్కలన్నాడు.

"వెనకవైపు ఖాళీ స్థలం. మంచుగుట్ట."

గురువారం మొదలైన మంచు శుక్రవారం పొద్దుటి దాకా కురిసింది. తర్వాత దాని మీద పూటంతా వాన. రాత్రికి మైనస్ ఇరవైకి దిగి, ఆ వానా ఆ మంచూ కలిసి రాయిలా గడ్డకట్టాయి. మంచు తోసే బండివాడు దారిలోదీ, పార్కింగులోదీ, మెట్ల ముందుదీ మొత్తం తోసుకొచ్చి, ఎప్పట్లాగే వెనక మూల పోగేశాడు. ఎప్పట్లాగే అంటే ఇరవయ్యేళ్ళ బట్టీ అన్నమాట. ఈసారి గుట్ట రెండో అంతస్తు బాల్కనీల దాకా లేచింది.

"మరి ఆ బండివాడికి చెప్పొద్దా?"

"చెప్పకుండా ఉంటానా? 'ఆఫీసువాళ్ళిచ్చిన కాగితంలో ఇక్కడే పొయ్యమని ఉంది, నీ చీపురు నువ్వు చూసుకో తాతా' అన్నాడు. తాతంట! వాడికే మనవళ్ళుంటారు." టవారెస్ పిల్లరుకి అటూ ఇటూ నిలబెట్టిన రెండు ఇనుప జాకీల్ని చూపించాడు. స్లాబు కింద బిగించి ఉన్నాయి. "ఇవి మా బావమరిదివి. నిన్న నేనే తెచ్చి పెట్టాను. ఇలాంటివి నలభై ఉండాలిక్కడ. ఆ రిపోర్టులో కూడా అదేగా రాశారు?"

"ఏ రిపోర్టు?"

టవారెస్ తెల్లబోయాడు. "ఏ రిపోర్టంటారేంటి? నవంబర్లో ఇంజనీరు రాలేదూ? ఇద్దరు మనుషుల్ని వెంటేసుకొచ్చి, పైన రెండ్రోజులు ఇనుప గొలుసులు ఈడ్చుకుంటూ తిరిగారు, ఎక్కడ డొల్లగా ఉందో చప్పుడుని బట్టి తెలుస్తుందని. కమిటీ అందరికీ పంపాను, అందరూ చూశారు అని ప్రెసిడెంటు గారే నాతో అన్నారు."

"అందరూనా? నేను కమిటీలో లేనా? నాకే రిపోర్టూ రాలేదు!"

కౌసిల్లాకి ఒళ్ళు మండిపోయింది. రెండేళ్ళుగా సెక్రటరీనని పేరు. లాబీలో గోడల రంగు దగ్గర్నుంచి క్రిస్మస్ చెట్టు ఎత్తు దాకా తనని అడక్కుండా జరగదు. ఇంత పెద్ద విషయం తన దగ్గర దాచిపెడతాడా ఆ ముసలాయన? ఆవిడ కోటు గుండీలు పెట్టుకుంటూనే లిఫ్టు వైపు నడిచింది.

పన్నెండో అంతస్తులో తలుపు తట్టీ తట్టగానే ఆల్డన్ ఫెన్విక్ తీశాడు, ఆవిడ వస్తుందని ముందే తెలిసినట్టు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. బీమా కంపెనీలో రిటైరయ్యాడు. ఈ బిల్డింగు కట్టిన ఏడాదే ఇల్లు కొనుక్కున్నవాళ్ళలో మిగిలింది ఆయనా ఆయన భార్యా. పదిహేనేళ్ళుగా ఆయనే ప్రెసిడెంటు, ఎందుకంటే ఇంకెవరూ ఆ తలనొప్పి నెత్తిన వేసుకోరు. ఇంట్లో ఉన్నా ఇస్త్రీ చొక్కా, దాని మీద బూడిదరంగు స్వెట్టరు. గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు.

"రండి మిసెస్ పెర్సౌడ్. టీ పెట్టనా?"

"టీ వద్దు. ఇంజనీరు రిపోర్టు కావాలి."

"కూర్చోండి."

"కూర్చోను. సెల్లార్లోంచి వస్తున్నాను నేను."

లోపలి గదిలో ఆయన భార్య మ్యూరియల్ ఆక్సిజన్ మిషను సన్నగా గుర్రుమంటోంది. ఫెన్విక్ ఆ గది తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. అలమరలోంచి నీలం ఫైలు తీశాడు. కళ్ళజోడు తుడుచుకున్నాడు. పేజీలు ఒక్కొక్కటే తిప్పుతున్నాడు. ఆ నిదానం చూస్తే కౌసిల్లాకి ఫైలు లాక్కోవాలనిపించింది. ఆఖరికి ఓ కాగితం తీసి బల్ల మీద ఆవిడ వైపు తిప్పి పెట్టాడు.

ఆవిడ నిలబడే పైకి చదివింది. "'ఉత్తరం వైపు స్లాబు మొదట్లో మోయగలిగిన బరువులో సగం కూడా ఇప్పుడు మోయలేదు. ఆ భాగం కింద కార్లు నిలపడం వెంటనే ఆపాలి. వెంటనే ఇనుప సపోర్టులు పెట్టాలి. పైన ఎట్టి పరిస్థితిలోనూ మంచు పోగెయ్యరాదు.'"

ఎట్టి పరిస్థితిలోనూ అన్నచోట కింద గీత గీసి ఉంది. కింద నవంబరు తేదీ. ఇప్పుడు జనవరి సగం అయిపోయింది.

"ఇది చదివి మీకు నిద్రెలా పడుతోంది మిస్టర్ ఫెన్విక్?"

"పట్టడం లేదు," అన్నాడాయన. అది నిజమేనని మొహం చూస్తే తెలుస్తోంది.

"మరి మాకెందుకు దాచారు? ఐదుగురం ఉన్నాం కమిటీలో. మేమంతా మీ కంటికి బొమ్మల్లా కనిపించామా?"

"నేను దాచలేదు."

"దాచకపోతే ఇదేంటి?"

ఫెన్విక్ ఇంకో పేజీ తిప్పాడు. అది ఆయన కమిటీకి పంపిన మెయిలు. కాగితం మీద ప్రింటు తీసి, రంధ్రాలు చేసి, తేదీ ప్రకారం పెట్టుకున్నాడు. పైన 'సెల్లార్ పనులు వసంతం దాకా వాయిదా, మీ అంగీకారం తెలపగలరు' అని ఉంది. కింద, దీనితో జతచేసినవి: ఇంజనీరు రిపోర్టు, ఒకటి.

దాని కింద జవాబులు. ఆల్డన్ ఫెన్విక్, సరే. పదహారో అంతస్తు మిసెస్ గిలెస్పీ, సరే. మిగతా ఇద్దరి దగ్గర్నుంచీ జవాబే లేదు. అన్నిటికంటే అడుగున ఇంకొక్కటి ఉంది.

కౌసిల్లా పెర్సౌడ్. మధ్యాహ్నం రెండూ నలభై ఏడు. సరే.

ఇందాక వద్దన్న కుర్చీనే వెతుక్కుని కూర్చుంది.

రెండూ నలభై ఏడు అంటే ఎక్కడుందో ఆవిడకి గడియారం చూసినంత తేలిగ్గా తెలుసు. స్కూలు గేటు బయట, బస్సులో, ఇంజను ఆపకుండా, పిల్లలు వచ్చేలోగా ఇంట్లో చేసుకొచ్చిన పైనాపిల్ టార్టు తింటూ ఉంటుంది. ఫోన్ టింగుమంది. కమిటీ మెయిలు. ఈ బిల్డింగులో కమిటీ అందరూ ఓ గదిలో కూర్చుని మాట్లాడుకుని ఎన్నాళ్ళయిందో. అన్నీ మెయిల్లోనే. కార్పెట్ మార్చాలా, సరే. మెయిలు పెట్టెలకి కొత్త తాళాలా, సరే. పూలకుండీలు లోపల పెట్టాలా, సరే. జతచేసిన కాగితం ఎవడు తెరుస్తాడు? చదవడానికి ఫెన్విక్ ఉన్నాడు కదా. టార్టు తిన్న చేతిని ప్యాంటుకి తుడుచుకుని, ఒక్క వేలితో ఆ రెండక్షరాలూ కొట్టి, ఫోన్ లోపల పడేసి, తలుపు తెరిచింది. పిల్లలు బిలబిలమంటూ ఎక్కేశారు. పైగా, ఒక్క నిమిషంలో జవాబిచ్చే మనిషినని తనకి గర్వం. కిందటి వార్షిక సమావేశంలో ఫెన్విక్ ఆ మాట అందరి ముందూ అంటే చప్పట్లు కూడా కొట్టారు. ఇప్పుడు తలుచుకుంటే తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

"ముగ్గురు ఒప్పుకుంటే తీర్మానం అవుతుంది," అన్నాడు ఫెన్విక్. "మూడోది మీది."

"నేను చదవలేదు."

"మీరు చదివారనే అనుకున్నాను."

"అబద్ధం!" కౌసిల్లా బల్ల మీద అరచేత్తో చరిచింది. "మేం చదవమని మీకు తెలుసు. అందుకే అలా పంపారు. ఒక్క ఫోన్ కొట్టి 'కౌసిల్లా, స్లాబు పోతోంది' అని చెప్పలేకపోయారా? ఒకే బిల్డింగు మనుషులం!"

"అంత పెద్ద అక్షరాల్లో రాసి పంపాను. చదవకుండా సరే అనమని నేను అడగలేదు, మిసెస్ పెర్సౌడ్."

అందులో తప్పు పట్టడానికేం లేదు, అదే ఆవిడకి గుచ్చుకుంది.

ఫెన్విక్ ఎదురుగా కూర్చున్నాడు. చేతులు ఒకదాని మీద ఒకటి పెట్టుకున్నాడు. "నా మాట కూడా వినండి. ఈ కాగితం సిటీవాళ్ళ చేతికి అందిన గంటలో బిల్డింగు ఖాళీ చేయిస్తారు. గ్యాసు ఆపేస్తారు, కరెంటు తీసేస్తారు. రెండువందల నాలుగు కుటుంబాలు ఈ చలిలో రోడ్డు మీద పడతాయి. తీసుకెళ్ళి ఏ స్కూలు జిమ్ములోనో మడతమంచాలు వేస్తారు. నా మ్యూరియల్ మంచం దిగి పద్నాలుగు నెలలయింది. ఆ మనిషిని జిమ్ములో పడుకోబెట్టనా? అంబులెన్సులో తిప్పితే దారిలోనే పోతుందని డాక్టరే చెప్పాడు. అందుకే వసంతం దాకా అన్నాను. అప్పటికి..."

ఇద్దరూ లోపలి గది వైపు చూశారు. మిషను గుర్రుమంటూనే ఉంది. కౌసిల్లాకి ఒక్క క్షణం ఆ ముసలాయన మీద జాలేసింది. జాలేసినందుకు తన మీద తనకే కోపమొచ్చింది.

"సోమవారం పొద్దున్నే మనుషుల్ని రమ్మన్నాను. గుట్ట మొత్తం లారీల్లో ఎత్తించేస్తారు. ఒక్క రెండు రోజులు. నలభై ఏడేళ్ళు ఆగిన స్లాబు రెండు రోజులు ఆగదా?"

ఆగుతుందేమో. ఆ మాట నమ్మాలని కౌసిల్లాకి ఎంత ఆశ పుట్టిందో చెబితే మీరు నవ్వుతారు. సోమవారం లారీలొస్తాయి, గుట్ట పోతుంది, కింద నలభై జాకీలు పెడతారు. రెండూ నలభై ఏడుకి బస్సులో కూర్చుని తను ఏం చేసిందో ఈ నీలం ఫైలు దాటి బయటికి రాదు. ఇంకో రెండేళ్ళు సెక్రటరీగా ఉంటుంది. ఆంటీ ఆంటీ అంటూ అందరూ పలకరిస్తారు.

ఆవిడ మొహం చూసి ఫెన్విక్‌కి అర్థమైపోయింది. బీమా కంపెనీలో నలభయ్యేళ్ళు మనుషుల మొహాలు చదివినవాడు మరి.

"మీ ఇష్టం. చెప్పాలనుకుంటే వెళ్ళి చెప్పండి," అన్నాడు, గొంతు ఏ మాత్రం పెంచకుండా. "కాకపోతే వరసలో చెప్పండి. సరే అన్న మూడో మనిషి ఎవరో ముందు చెప్పి, మిగతాది తర్వాత చెప్పండి. పందొమ్మిది కుటుంబాల పిల్లలు మీ బస్సెక్కుతారు కదూ ఇక్కణ్ణుంచి? ఆ తల్లులకి కూడా మీరే చెప్పండి."

బెదిరింపులు ఎన్నో విన్నాం. టీ పెట్టనా అన్న గొంతుతోనే బెదిరించేవాణ్ణి చూస్తే మాత్రం వెన్నులో చలి పుడుతుంది. కౌసిల్లా లేచి నిలబడింది. అప్పుడే జేబులో ఫోన్ మోగింది.

టవారెస్.

"డోనా కౌసిల్లా, జాకీ వంగింది."

"ఏ జాకీ?"

"గోడవైపుది. నిన్న నిటారుగా పెట్టాను, నా చేత్తో. ఇప్పుడు విల్లులా ఉంది. పైన ఏదో టిక్కుటిక్కుమంటోంది, ఆగి ఆగి. నేను ఎప్పుడూ విన్న చప్పుడు కాదిది. పైనుంచి పిల్లల కేకలు కూడా వినపడుతున్నాయి. గుట్ట మీద ప్లాస్టిక్ బల్లలేసుకుని జారుతున్నట్టున్నారు."

కౌసిల్లా కిటికీ దగ్గరికి పరిగెత్తింది. పన్నెండంతస్తుల కింద, తెల్లటి గుట్ట మీద, ఎర్ర కోట్లూ పసుపు కోట్లూ. ఏడుగురో ఎనిమిదిమందో. ఒకళ్ళు జారి కిందికొస్తే ఇంకొకళ్ళు ఎక్కుతున్నారు.

"టవారెస్, విను. నువ్వు ఇప్పుడే బయటికి పో. ముందా పిల్లల్ని గుట్ట మీంచి దింపు. తన్ని తరిమినా సరే. మళ్ళీ సెల్లార్‌లో అడుగు పెట్టకు, విన్నావా?"

"మరి ఇక్కడ కాపలా?"

"అక్కడెవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరు. శనివారం, ఈ చలికి ఎవడు దిగుతాడు?"

"అయితే ఇంకేంటి, పో!"

ఫోన్ పెట్టేసి ఆవిడ ఫెన్విక్ వైపు తిరిగింది. ఆయన మొహం పాలిపోయింది. ఆ మాటలన్నీ విన్నాడు.

"మిసెస్ ఫెన్విక్‌కి కోటు తొడగండి. ఫైరువాళ్ళు వచ్చి కుర్చీలో కూర్చోబెట్టి దింపుతారు."

"మిసెస్ పెర్సౌడ్, ఆగండి. మీరిలా చెయ్యకూడదు. కమిటీ నిర్ణయం..."

"చదవకుండా ఒకసారి సరే అన్నాను. ఇప్పుడు చదివాను." ఆవిడ ఇంజనీరు కాగితాన్ని మడిచి కోటు జేబులో పెట్టుకుంది. ఫెన్విక్ చెయ్యి చాపాడు గానీ పట్టుకోలేదు. లోపలి గదిలోంచి ముసలావిడ సన్నటి గొంతుతో, "ఎవరొచ్చారు ఆల్డన్?" అని అడగడం వినపడింది. ఆయన ఏం జవాబిచ్చాడో వినడానికి కౌసిల్లా ఆగలేదు.

లిఫ్టు దిగుతున్నంతసేపూ ఆవిడకి ఒకటే ఆలోచన. రెండువందల నాలుగు తలుపులు. తట్టుకుంటూ పోతే రేపు ఈ వేళకి కూడా అవదు. తట్టినా ఎవరు నమ్ముతారు? పిలిస్తే ఒక్కసారే అందరూ కదలాలి. లాబీలో దిగేసరికి ఎవరూ లేరు. సోఫా పక్కన గోడకి, మంటలంటుకుంటే గంట కొట్టే ఎర్రడబ్బా ఉంది, అద్దం మూతా దాని లోపల పిడీ. ఆవిడ దాని ముందు నిలబడింది. చెయ్యి ఎత్తింది. లాగాక ఇంక వెనక్కి తీసుకోవడం కుదరదని తెలుసు. సాయంత్రానికల్లా అందరూ అడుగుతారు, ఎందుకు లాగావు, నీకెలా తెలుసు, ఎప్పట్నుంచి తెలుసు అని. ఆఖరి ప్రశ్నకి జవాబు ఆ నీలం ఫైల్లో తేదీతో సహా ఉంది. సిగ్గుతో ఆవిడ చెవులు వేడెక్కాయి.

కౌసిల్లా పిడి లాగేసింది.

పదిహేడంతస్తుల్లోనూ ఒక్కసారే గంటలు మొదలయ్యాయి. లాబీ పైకప్పులో తెల్లటి దీపం టపటపా కొట్టుకుంటోంది. ఆవిడ ఒక చెవి మూసుకుని రెండో చెవికి ఫోన్ ఆనించి నైన్ వన్ వన్‌కి చెప్పింది. మంట కాదు, సెల్లార్ పైకప్పు. కాదండీ, ఇంకా పడలేదు. కాదు, దెబ్బలు ఎవరికీ తగల్లేదు, ఇంకా. అవతలి అమ్మాయి నిదానంగా చిరునామా మళ్ళీ అడిగి రాసుకుంది. బండ్లు బయల్దేరాయి, మీరు అందరినీ బిల్డింగు బయటికి పంపించండి అని చెప్పింది.

బయటికి పంపించడానికేగా నిలబడింది. కౌసిల్లా ముందు తలుపులు రెండూ బార్లా తెరిచి, ఒకదానికి పూలకుండీ అడ్డం పెట్టింది. చలి మొహం మీద కొట్టింది. రండమ్మా రండి, అటు రోడ్డు అవతలికి నడవండి అని చెప్పడానికి సిద్ధంగా, మెట్ల తలుపు వైపు చూస్తూ నిలబడింది.

ఎవరూ రాలేదు.

గంట మోగితే లిఫ్టులు వాటంతటవే కిందికొచ్చి ఆగిపోతాయి. మూడూ వచ్చాయి. మూడు తలుపులూ తెరుచుకున్నాయి. మూడూ ఖాళీ. కొత్త సంవత్సరం వచ్చాక ఇది నాలుగోసారి గంట కొట్టడం. ఒకసారి ఎవరో రొట్టె మాడ్చారు, ఒకసారి నీళ్ళ పైపు పగిలింది, ఇంకోసారి ఎందుకు కొట్టిందో ఇప్పటికీ తెలియదు. రానివాళ్ళని ఏమనగలం? ఆవిడ గొంతు చించుకుని, "రండీ! నిజంగానే!" అని అరిచింది. గంటల మోతలో ఆ అరుపు ఆవిడకే సరిగా వినపడలేదు.

గంటలు ఆగి ఆగి కొడుతున్న సందులో అప్పుడు వినపడింది, మెట్ల తలుపు వెనకాల అడుగుల చప్పుడు.

ఒకరూ ఇద్దరూ కాదు. చాలామంది. బూట్ల చప్పుడు, పిల్లల గొంతులు, ఎవరో దగ్గు. కౌసిల్లాకి ప్రాణం లేచొచ్చింది. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. వస్తున్నారు! తను పిలిచింది, జనం వస్తున్నారు! తలుపు తెరుచుకోవడం కోసం చూసింది. అడుగులు దగ్గరికొచ్చాయి, తలుపుకి సరిగ్గా అవతల వినపడ్డాయి.

తలుపు తెరుచుకోలేదు. అడుగులు ఆగలేదు కూడా. ఆవిడ వింటుండగానే అవి లాబీ దాటిపోయాయి.

ఏమిటిది? కౌసిల్లా పరిగెత్తి మెట్ల తలుపు లాగింది. ఎదురుగా ఐదో అంతస్తు హోదాన్. సోమాలీ అమ్మాయి. ఇంటి బట్టల మీదే పెద్ద కోటు వేసుకుంది. తన కవల కూతుళ్ళిద్దరినీ చెరో చేత్తో పట్టుకుని కిందికి దిగుతోంది. పిల్లలిద్దరూ కౌసిల్లా బస్సులోనే వెళతారు, ముందు సీటు కోసం రోజూ కొట్టుకుంటారు. ఆవిణ్ణి చూడగానే ఇద్దరూ నవ్వారు.

"ఇటు! ఇటు రా హోదాన్! బయటికి!"

"బయటికా? మైనస్ ఇరవై ఆంటీ! చిన్నదానికి అసలే దగ్గు." హోదాన్ గంటల మోతలో గట్టిగా అరుస్తూ చేతిలో కారు తాళం చూపించింది. "కార్లో కూర్చుంటాం, హీటర్ వేసుకుని. ఎప్పుడూ అంతేగా! అందరూ కిందికే పోయారు, మా ముందే ఓ యాభై మంది దిగారు. మీరూ రండి, మా కార్లో చోటుంది!"

ఎప్పుడూ అంతే. పోయినసారి గంట కొట్టినప్పుడు కౌసిల్లా మాత్రం ఏం చేసింది? సెల్లార్‌కి దిగి, తన కార్లో, పద్నాలుగో పిల్లరు పక్కన, రేడియో పెట్టుకుని వెచ్చగా కూర్చుంది. మరి ఎర్రడబ్బా ముందు నిలబడినప్పుడు ఆ ముక్క ఎందుకు గుర్తు రాలేదు? కాపలా ఉంటానన్నవాణ్ణి బయటికి తరిమింది తనే. ఖాళీగా ఉన్న సెల్లార్‌లోకి గంట కొట్టి మరీ జనాన్ని పంపింది తనే.

"హోదాన్, ఆగు! కిందికి వద్దు!" కౌసిల్లా ఆ అమ్మాయి కోటు పట్టుకుని వెనక్కి గుంజింది. పిల్లలు బెదిరి ఏడుపు అందుకున్నారు. పై మెట్ల మీంచి ఇంకా జనం వస్తూనే ఉన్నారు, ఎవరి చేతిలో చూసినా కారు తాళమే. ఆవిడ రెయిలింగు మీదుగా కిందికి వంగి, ఉన్న గొంతంతా పెట్టి టవారెస్ పేరు పెట్టి అరిచింది, అతను అక్కడ లేడని తెలిసి కూడా.

కింద కార్లు ఒకటొకటే స్టార్టవుతున్న చప్పుడు వినపడింది.